ఎదురుగా బండి వస్తుంటే హెడ్‌లైటు డిమ్ చేయడానికి అంత బద్ధకమా?

కాలువగట్టు_స్కూటీ
రాత్రి తొమ్మిదిన్నరకి భీమవరంలో డ్యూటీ దిగి స్కూటీ మీద ఉండి అనే ఊరి వైపు వెళ్తాను. రోడ్డుకి ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేపల చెరువులు. చాలాచోట్ల పిట్టగోడ కూడా లేదు. చేపల బళ్ళ నుంచి కారిన నీళ్ళతో రోడ్డు తడిగా ఉంటుంది. ఎదురుగా కారు అప్పర్‌లో, అంటే హై బీమ్‌లో, వచ్చిందంటే ఇక అంతే, రోడ్డు ఎక్కడ అయిపోతోందో, కాలువ ఎక్కడ మొదలవుతోందో తెలియదు. నేను డిప్పర్ కొడతాను, అంటే దించమని అడగడానికి లైటు ఒకసారి ఎత్తి దించుతాను. పదిమందిలో ఒకరో ఇద్దరో దించుతారు. నిన్న ఒకాయన దించకపోగా, దగ్గరికొచ్చాక బంపరు మీద బిగించుకున్న లైట్లు కూడా వెలిగించాడు, నేను అడగడమే తప్పన్నట్టు. బ్రేకు వేసి అక్కడే ఆగిపోయాను. వెనకాల ఎవరైనా వచ్చి గుద్దుతారేమోనని ఇంకో భయం.

ఇలాంటి రోడ్ల మీద రాత్రిపూట తిరిగేవాళ్ళు ఎలా నడుపుతున్నారు? ఏదైనా ఉపాయం ఉంటే చెప్పండి. తిట్టుకోవడం నాకు ఎలాగూ వచ్చు.

గుంటూరు_ఘాటు
ఎదురు లైట్లు పడగానే నేనూ అప్పర్ వేస్తా. వాడు దించితే నేనూ దించుతా. ముల్లుని ముల్లుతోనే తీయాలి.

నల్గొండ_నైట్‌రైడర్
@గుంటూరు_ఘాటు గట్ల చేస్తే ఇద్దరికీ కనబడదు కదన్నా. ఒక్కడు గుడ్డిగ వస్తుంటేనే భయం, రెండోవాన్ని కూడ గుడ్డోన్ని చేసి ఏం సాధిస్తవు? మీద పడేది నీ మీదనే.

గుంటూరు_ఘాటు
మరి వాడికి తెలియాలిగా!

కంటిచూపు
కళ్ళ పరీక్షలు చేయడం నా పని. ఈ సమస్యతో వచ్చేవాళ్ళని తరచూ చూస్తాను కాబట్టి చెప్తున్నాను.

వెలుగు పడగానే కంటిపాప చప్పున ముడుచుకుంటుంది. కానీ ఆ వెలుగు దాటిపోయాక మళ్ళీ చీకట్లో చూడగలగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ సమయం పెరుగుతుంది. శుక్లం మొదలైనవాళ్ళకి మరీ కష్టం, వెలుగు కంట్లోనే చెదిరిపోయి ఎదుటంతా తెల్లటి పొగలా అయిపోతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. మూడు సెకన్లు చూపు ఆనకపోతే 50 మీటర్లు గుడ్డిగా వెళ్ళినట్టే.

అడిగారు కాబట్టి ఉపాయాలు. ఎదురు లైటు వైపు చూడకండి. చూపు ఎడమ పక్కకి, రోడ్డు అంచున తెల్ల గీత మీదకి తిప్పండి. లైట్లు దూరంగా ఉన్నప్పుడే వేగం తగ్గించండి, మీదకొచ్చాక కాదు. హెల్మెట్ అద్దం మీద గీతలు పడితే మార్చేయండి, ఒక్కో గీత దగ్గరా వెలుగు చెదురుతుంది. రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు కళ్ళద్దాలు మాత్రం కొనకండి. అవి ఎదురు లైటుతో పాటు రోడ్డు మీద మనిషిని కూడా మసకగా చూపిస్తాయి.

కాలువగట్టు_స్కూటీ
@కంటిచూపు థాంక్యూ అండి. హెల్మెట్ అద్దం సంగతి నాకు తట్టనే లేదు. తెల్ల గీత మాత్రం మా రోడ్డుకి సగం దూరమే ఉంది, మిగతా సగం గడ్డి.

ఎల్ఈడీ_కింగ్
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు. కంపెనీ ఇచ్చే హాలోజన్ లైటుతో మన రోడ్ల మీద ఏం కనపడుతుంది? గేదె నల్లగా ఉంటుంది, రోడ్డు నల్లగా ఉంటుంది, స్పీడ్ బ్రేకర్‌కి రంగు ఉండదు. మా ఊరి రోడ్డు మీద నడిరోడ్డున గొయ్యి, దాని మీద ఎవరో చెట్టుకొమ్మ పెట్టి వెళ్ళారు. అందుకే ఎల్ఈడీ బల్బులు వేయించా. ఇప్పుడు పగల్లా కనపడుతుంది. నా ప్రాణం నాకు ముఖ్యం కాదా?

మాధాపూర్_యూటర్న్
@ఎల్ఈడీ_కింగ్ ఎదుటివాడికి ప్రాణం లేదా మరి?

హెడ్‌లైట్_మెకానిక్
@ఎల్ఈడీ_కింగ్ తమ్ముడూ, కోపం తెచ్చుకోకుండా చదువు. నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. నువ్వు చెప్పిన గేదె, గొయ్యి, స్పీడ్ బ్రేకర్ అన్నీ నిజమే. మందు మాత్రం తప్పు.

పాత హెచ్4 హాలోజన్ బల్బు విప్పి చూడు. లోపల రెండు ఫిలమెంట్లుంటాయి, 60 వాట్లది అప్పర్‌కి, 55 వాట్లది డిమ్‌కి. డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. కిందికి పోయే వెలుగుని అది ఆపేస్తుంది. మిగిలిన వెలుగు వెనకున్న అద్దంలాంటి రిఫ్లెక్టర్ పై సగం మీద మాత్రమే పడి రోడ్డు మీదకి దిగుతుంది. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ సన్నటి తీగ ఎక్కడుందో దాన్ని బట్టే తయారవుతుంది. నువ్వు వేయించిన బల్బులో తీగ లేదు, మందపాటి పట్టీకి అటూ ఇటూ చిప్‌లు ఉన్నాయి. ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగినా వెలుగు ఇష్టమొచ్చినట్టు చెదురుతుంది. అంటే నువ్వు బుద్ధిగా డిమ్‌లో పెట్టినా ఎదుటివాడికి అప్పరే. డిమ్ చేశానుగా అని నువ్వనుకుంటావు, చేయలేదని వాడు తిడతాడు.

కంపెనీ నుంచే ఎల్ఈడీతో వచ్చిన లైట్ల మాట వేరు. వాటికి రిఫ్లెక్టరో ప్రొజెక్టరో ఆ చిప్‌కి తగ్గట్టే ఉంటుంది. పాత డోముల్లో, అంటే హెడ్‌లైటు గూళ్ళలో, కొత్త బల్బు దూర్చడంతోనే గొడవ.

ఎల్ఈడీ_కింగ్
మరి బిగించిన షాపువాడు ఏమీ చెప్పలేదే. బల్బు మీద హై, లో అని రెండూ రాసి ఉంది.

హెడ్‌లైట్_మెకానిక్
అమ్మేవాడు ఎందుకు చెప్తాడు. ఇంటి దగ్గర నువ్వే చూసుకో. చదునుగా ఉన్న చోట గోడకి పది మీటర్ల దూరంలో బండి ఆపు. హెడ్‌లైటు నడిబొడ్డు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద అంతే ఎత్తులో సుద్దముక్కతో గీత గియ్యి. డిమ్ వెయ్యి. వెలుగు పై అంచు ఆ గీతకి పది సెంటీమీటర్లో ఇంకొంచెమో కిందుండాలి. పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో స్పష్టంగా కత్తిరించినట్టు గీత కనపడాలి. గీత లేకుండా గోడంతా వెలిగిపోయిందంటే ఆ బల్బు ఎదుటివాడి కళ్ళలో కొడుతోందని అర్థం.

ఇంకోటి. స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అని చిన్న చక్రం ఉంటుంది చాలా కార్లకి. నా దగ్గరికొచ్చే పది కార్లలో తొమ్మిదింటి వాళ్ళు దాన్ని ముట్టుకుని ఎరగరు. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని డిక్కీలో సామాను వేస్తే బండి వెనక్కి కుంగి, ముక్కు పైకి లేస్తుంది. లైటు నేరుగా ఎదుటివాడి మొహానికి పోతుంది. అంకె పెంచితే లైటు దిగుతుంది. పెళ్ళికో తిరుపతికో నిండుగా బయల్దేరినప్పుడు ఒక్కసారి తిప్పుకుంటే చాలు.

సీమ_మైలురాయి
ఆ చక్రం దేనికో ఇప్పుడు తెలిసె. ఏసీకి సంబంధించిందేమో అనుకుంటాండారు మా ఇంట్లో అందరూ 😀

తిరుమల అంటే గుర్తొచ్చె. ఘాట్ రోడ్డు ఎక్కేదానికి ఒకటి, దిగేదానికి ఒకటి. ఎదురుగా బండి రాదు కదా, అప్పర్ వేసుకుంటే ఎవురికి నష్టం అనుకుంటారు జనాలు. ముందు పోయే బండి అద్దాల సంగతి ఎవురూ తలుచుకోరు. లోపలి అద్దంలో, రెండు పక్కల అద్దాల్లో ఒకేసారి వెలుగు కొడితే మలుపు దగ్గర ముందు ఏముండేదీ కనపడదు. వెనకాల పోయేటప్పుడు కూడా దించాలప్పా.

నల్గొండ_నైట్‌రైడర్
@సీమ_మైలురాయి కరెక్ట్. కార్ల ఉన్నోళ్ళు లోపలి అద్దం కింద చిన్న పుల్ల లెక్క ఉంటది చూడుండ్రి, అది మలిపితే వెనక లైటు మసకగ అయితది. బైకుల మీద పోయేటోళ్ళకి గదీ లేదు.

చలాన్_పుస్తకం
చట్టంలో లేదని ఎవరూ అనుకోకండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ రూలు ఇదే. లైటుకి 8 మీటర్ల దూరంలో, అర మీటరు కుడి పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కళ్ళున్న మనిషికి ఆ వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. ఇంత వివరంగా రాసి ఉంది. శిక్ష విడిగా లేని ఉల్లంఘనలకి మోటారు వాహనాల చట్టంలో 177వ సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణతో అది మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 1500 దాకా అయింది. బండికి అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5000 జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని. అదనపు లైట్ల బార్లు, ఎరుపూ నీలం మెరుపు లైట్లు బిగించుకునేవాళ్ళు ఇది చదువుకోవాలి. మంత్రుల బళ్ళ మీదే 2017 మే 1 నుంచి ఎర్రబుగ్గ తీయించారు, మామూలు జనానికి ఆ మెరుపులెందుకు?

మాధాపూర్_యూటర్న్
@చలాన్_పుస్తకం రూలు బాగుంది, పట్టుకునేదెవరు? హెల్మెట్ లేకపోతే ఫోటో తీస్తారు. అప్పర్ వేసిన బండికి ఫోటో తీస్తే నంబరు ప్లేటు కూడా కనపడదు, తెల్లటి మచ్చ తప్ప. టోల్ గేటు దగ్గర ఆపి చూస్తే ఒక్క రాత్రిలో ఎన్ని దొరుకుతాయో. బండి ఎలాగూ ఆగుతుంది అక్కడ.

టాంపా_తెలుగు
ఇక్కడ అమెరికాలో ఎదురు బండి ఉంటే 500 అడుగుల లోపు దించాలి, ముందు బండి వెనక ఉంటే 300 అడుగుల లోపు. చాలా రాష్ట్రాల్లో ఈ లెక్కే. లైసెన్సు పరీక్ష పుస్తకంలో ఉంటుంది. జనం కూడా చాలావరకు పాటిస్తారు. మా నాన్నగారు వచ్చినప్పుడు పక్కన కూర్చుని మొదటిరోజే అడిగారు, ఎదురుగా ఎవరూ లైటు కొట్టరేంట్రా అని.

గుంటూరు_ఘాటు
అక్కడ గేదెలు లేవు కదా సార్.

టాంపా_తెలుగు
జింకలున్నాయి. గుద్దితే కారు తుక్కే. అయినా దించుతారు.

కాలువగట్టు_స్కూటీ
ఒక సందేహం. నా స్కూటీకి లైటు ఆపే స్విచ్చే లేదు, ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. పగలు ఎదురొచ్చేవాళ్ళంతా వేళ్ళు ముడిచి తెరిచి సైగ చేస్తారు, లైటు ఆపుకోమని. నేను కూడా ఎవరికైనా ఇబ్బంది కలిగిస్తున్నానా?

హెడ్‌లైట్_మెకానిక్
లేదమ్మా. 2017 ఏప్రిల్ నుంచి తయారైన టూవీలర్లన్నిటికీ అంతే, ఇంజన్ ఆన్ అయితే లైటు వెలగాలి. పగలు కూడా ఎదుటివాళ్ళకి కనపడాలని పెట్టిన రూలు. డిమ్‌లో ఉంటే ఏ ఇబ్బందీ లేదు. బొటనవేలి దగ్గర స్విచ్ కింద వైపుకి ఉందో లేదో, మీటరులో నీలం దీపం వెలుగుతోందో ఒకసారి చూసుకో. నీలం దీపం వెలిగితే అప్పర్ అన్నట్టు. ఆ దీపం దేనికో తెలియక పగలూ రాత్రీ అప్పర్‌లోనే తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు.

పదహారు_టైర్లు
ఇంతసేపూ లారీవాళ్ళని ఎవరూ తిట్టలేదు, సంతోషం. ఇప్పుడు నేను మాట్లాడతా. బియ్యం, సిమెంటు లోడ్లు వేసుకుని మిర్యాలగూడ నుంచి చెన్నై దాకా, అటు నాగ్‌పూర్ దాకా తోలినోణ్ణి.

మా కాలంలో క్లీనరుగా ఎక్కినప్పుడు గురువు మొదట నేర్పింది డిప్పర్. బండి వెనక రాసుకునేదే అది. ఎదురు బండి లైట్లు కనపడగానే ఒకసారి దించి ఎత్తుతాం, చూశాను అని చెప్పడానికి. అతనూ అలాగే చేస్తాడు. దగ్గరికొచ్చాక ఇద్దరం దించుతాం. ఇరుకు రోడ్డయితే కుడి ఇండికేటర్ వేసి ఉంచుతాం. తిరగడానికి కాదు, నా బండి కుడి అంచు ఇక్కడిదాకా ఉంది, చూసుకుని రా అని. ఇది తెలియని కార్లవాళ్ళు లారీ కుడికి తిరుగుతుందేమోనని గాభరా పడి బ్రేకు కొడతారు.

నాకు అన్నిటికన్నా భయం ఒంటి లైటు బండి. ఎదురుగా ఒకటే లైటు వస్తుంటే బైకు అనుకుని పక్కకి జరగం. దగ్గరికొచ్చాక తెలుస్తుంది అది లారీ అని, కుడి వైపు లైటు పోయిందని. అంటే నా వైపున్న లైటే చీకటి. ఆ బల్బు ధర ఎంత, దానికోసం ఎంతమంది పోవాలి? డ్యూటీ ఎక్కేముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి అన్ని లైట్లూ చూసుకోకుండా తాళం తిప్పకూడదు. ఓనరు బల్బుకి డబ్బులివ్వకపోతే బండి తీయకూడదు. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

నల్గొండ_నైట్‌రైడర్
@పదహారు_టైర్లు అన్నా ఒకటి చెప్పు. లారీ ఎనక పోతుంటే ముంగట లారీ కుడి ఇండికేటర్ ఏస్తడు. ఓవర్‌టేక్ చెయ్యమన్నట్టా, వద్దన్నట్టా? మా దోస్తు రమ్మంటున్నడనే అంటడు.

సీమ_మైలురాయి
రమ్మనే. ఎన్‌హెచ్ 44లో కర్నూలు పక్క నేను ఎన్నోసార్లు చూసినా.

పదహారు_టైర్లు
కాదు. మన పక్క ఎడమ ఇండికేటర్ వేస్తే, నేను పక్కకి ఒదిగాను, పో అని. కుడి వేస్తే ఎదురు బండి ఉంది, రావద్దని. ఉత్తరాది బళ్ళు కొన్ని కుడి వేసి రమ్మంటాయి. సీమ తమ్ముడు చూసింది అవే అయ్యుంటుంది, 44 మీద ఆ బళ్ళు ఎక్కువ. ఒకే లైటుకి రెండు అర్థాలున్నప్పుడు దాన్ని నమ్మి ప్రాణం పెట్టకూడదు. పైగా నిజంగానే కుడికి తిరుగుతున్నాడేమో ఎవరికి తెలుసు. ఇండికేటర్ ఏదైనా గాని, ఎదురు రోడ్డు నీ కంటితో కనపడకపోతే వెళ్ళకు.

సీమ_మైలురాయి
సరేన్నా. అయినా నేను చూసింది మన ఆంధ్రా బండే.

మాధాపూర్_యూటర్న్
రెండు అర్థాల గురించి వచ్చింది కాబట్టి నా కడుపుమంట కూడా. నాలుగు ఇండికేటర్లు ఒకేసారి వేసుకుని జంక్షన్ దాటేవాళ్ళు. నేరుగా పోతున్నా అని చెప్పడమట! డ్రైవింగ్ స్కూల్లో అలాగే నేర్పారని మా కొలీగ్ వాదించింది. నేను ఎడమ పక్క నుంచి వస్తుంటే నాకు కనపడేది ఆ కారు ఎడమ లైటు ఒక్కటే, రెండోది పక్క బస్సు చాటున పోయింది. ఎడమకి తిరుగుతున్నాడని నేను కదిలాను. వాడు నేరుగా వచ్చేశాడు. అద్దం ఊడి కింద పడింది, అంతటితో పోయింది.

నేరుగా పోయేవాడు ఏ లైటూ వేయనక్కర్లేదు. అదే దానికి గుర్తు.

నల్గొండ_నైట్‌రైడర్
వానొస్తే కూడ గదే తమాషా. హైదరాబాద్ల చినుకు పడ్డదంటే చాలు, అందరు నాలుగు లైట్లు ఏస్కోని పోతరు. ఆగిన బండేదో, పోయే బండేదో సమజ్ కాదు. లేన్ మారేటోడు ఇండికేటర్ ఏసినా ఎవలికి కనబడదు.

టాంపా_తెలుగు
ఇందులో మాత్రం కొంచెం విభేదిస్తాను. ఫ్లోరిడాలో 2021 జులై నుంచి పెద్ద రోడ్ల మీద ఏమీ కనపడనంత వాన పడితే హజార్డ్ (నాలుగు ఇండికేటర్లూ) వేసి నడపడానికి అనుమతి ఇచ్చారు. ఇక్కడి వాన చూస్తే తెలుస్తుంది, బానెట్ కూడా కనపడదు.

హెడ్‌లైట్_మెకానిక్
@టాంపా_తెలుగు ఏమీ కనపడనంత వాన అన్నారు కదా, మనవాళ్ళు చిరుజల్లుకే వేస్తున్నారు. వానలో హెడ్‌లైటు డిమ్‌లో వేస్తే వెనక ఎర్ర లైట్లూ వెలుగుతాయి, అది సరిపోతుంది. అంత ఘోరంగా పడితే పక్కకి తీసి ఆపి, అప్పుడు నాలుగూ వేసుకోండి.

మాధాపూర్_యూటర్న్
మరి ఇండికేటరే వేయని ఆటోల గురించి? డ్రైవరు కాలు బయటికొస్తే ఎడమకి అని మనమే అర్థం చేసుకోవాలి. ఒక్కోసారి ఊరికే గాలికి పెడతాడు.

గుంటూరు_ఘాటు
వేసి మర్చిపోయేవాళ్ళకన్నా కాలే నయం. కనీసం తిరిగాక లోపలికి తీసుకుంటాడు. బైకు ఇండికేటర్ విజయవాడలో వేస్తే మంగళగిరి దాటినా ఆరదు.

నల్గొండ_నైట్‌రైడర్
దానికోసమే వెనకకెళ్ళి "అన్నా ఇండికేటర్!" అని ఒర్లుడు. "స్టాండ్ తియ్యన్నా" లెక్కనే. మనోళ్ళు గిట్ల చెప్పుకునే కాడ మంచిగనే ఉంటరు. లైటు కాడికి వచ్చేవరకే ఏమయితదో.

డెల్టా_రైతు
రైతుగా నేనో మాట. కోతల టైములో ట్రాక్టరు ట్రక్కులకి వెనక లైటు ఉండదు. ఉన్నా గడ్డి మోపులు దాన్ని కప్పేస్తాయి. నల్ల రోడ్డు మీద గడ్డి లోడు చీకట్లో కలిసిపోతుంది, వెనక వచ్చే బైకువాడికి ఇనుప కడ్డీలు మొహం దగ్గరికొచ్చాక కనపడతాయి. మా బంధువుల కుర్రాడు అలాగే పోయాడు. పాతికేళ్ళు లేవు. కాబట్టి లైట్లు ఎక్కువైనవాళ్ళతో పాటు లేనివాళ్ళని కూడా అడగాలి. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పేర్చి రాత్రికి అలాగే వదిలేసేవాళ్ళని కూడా, వాళ్ళు మనవాళ్ళే అయినా సరే.

ఎదురుగా వచ్చే కారు అప్పర్‌లో ఉంటే ఆ ట్రక్కు అసలే కనపడదు. రెండు తప్పులు ఒకేచోట కలిస్తే మధ్యలో బైకు మీదవాడు పోతాడు.

పదహారు_టైర్లు
@డెల్టా_రైతు మనసు కలిచివేసింది అన్నా. బ్రేక్‌డౌన్ అయిన లారీల సంగతీ అంతే. బ్యాటరీ దిగిపోతుందని పార్కింగ్ లైట్లు ఆపేసి పడుకుంటారు. మూడు మూలల ఎర్ర బోర్డు సీటు కింద ఉంటుంది, తీసి వెనకాల దూరంగా పెట్టడానికి ఒళ్ళు వంగదు.

ఎల్ఈడీ_కింగ్
సుద్దముక్క పరీక్ష చేశా. గోడ మీద గీత లేదు, పై కిటికీ దాకా వెలుగుంది. అయినా పాత బల్బుతో నాకు ఏమీ కనపడదనే మాట మీదే ఉన్నా. దానికి దారి చెప్పండి.

హెడ్‌లైట్_మెకానిక్
ముందు డోము చూడు. పైన ప్లాస్టిక్ పసుపెక్కి మసకబారితే వెలుగు బయటికే రాదు, పాలిష్ చేయించు. లోపల వెండి పూత పోయి ఉంటే డోము మార్చాల్సిందే. వైరింగ్ పాతదైతే బల్బుకి పూర్తి కరెంటు అందదు, రిలే (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు పంపే స్విచ్) పెట్టి మందపాటి వైరు లాగిస్తే అదే 55 వాట్ల బల్బు బాగా వెలుగుతుంది. నా దగ్గరికి బల్బు మార్చమని వచ్చినవాళ్ళలో చాలామందికి దీనితోనే సరిపోయింది. 90, 100 వాట్ల బల్బులు మాత్రం వద్దు, హోల్డరు కరిగిపోతుంది, రూలుకీ విరుద్ధం.

ఎల్ఈడీ_కింగ్
డోము అయితే పసుపుగానే ఉంది. పాలిష్ చేయించి చూస్తా. నచ్చకపోతే మళ్ళీ ఇవే వేస్తా, ముందే చెప్తున్నా.

కాలువగట్టు_స్కూటీ
@డెల్టా_రైతు మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా పెదనాన్నగారికి కూడా ట్రాక్టరు ఉంది, ట్రక్కు వెనక ఏమీ లేదు. వెనక అంటించే ఎర్ర మెరుపు స్టిక్కరు ఎక్కడ దొరుకుతుంది? ఎంత ఎత్తులో అంటించాలి?

డెల్టా_రైతు
ట్రాక్టరు సామాన్లమ్మే ఏ షాపులోనైనా ఉంటుందమ్మా, మీటర్ల లెక్కన ఇస్తారు. వెనక తలుపు అడుగు అంచున ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎరుపు అంటించండి. గడ్డి కిందికి వేలాడినా అక్కడ కప్పదు. పక్కలకి పసుపు. ముందు దుమ్ము గుడ్డతో తుడిచి, తడి ఆరాక అంటిస్తేనే నిలుస్తుంది. కోతలకి ముందే పని పెట్టుకోమనండి, లోడు మొదలయ్యాక ఎవరికీ తీరదు.